దొడ్డు బియ్యం లైను

పోయిన వారం మా బడి నుంచి ఫోన్ వచ్చింది. నేను రిటైరయ్యాక నా స్థానంలో చేరిన పీఈటీ అమ్మాయి చేసింది. నిండా ముప్పై ఏళ్లు లేవు. గొంతులో ఒకటే కంగారు.

"మేడమ్, ఎత్తు బరువులు తీస్తున్నం. ఆరో తరగతి పిల్ల ఒకతి మిషన్ ఎక్కనంటే ఎక్కనంటాంది. గోడ పట్టుకొని ఏడుస్తాంది. ఏం జెయ్యాలె?"

"పిల్ల పేరేంది?" అని అడిగాను.

"రిజిస్టర్ల చూసి చెప్త మేడమ్. పిల్లలందరు సిలిండర్ అంటరు దాన్ని."

"ఇయ్యాల దాన్ని మిషన్ ఎక్కియ్యకు. నీళ్లు తాగిపిచ్చి క్లాసుకు పంపు" అని పెట్టేశాను. చెప్పాల్సింది చాలా ఉంది కానీ అది ఫోన్‌లో అయ్యే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను, ఆ అమ్మాయి కోసం, ఇప్పుడిప్పుడే మెడలో విజిల్ వేసుకుంటున్న తతిమ్మా అందరి కోసం.

నా పేరు విమల. ముప్పై మూడేళ్లు పీఈటీగా చేశాను, మొదట మరిపెడ వైపు, ఆ తర్వాత వరంగల్‌లో. పిల్లలు డ్రిల్ టీచర్ అనేవాళ్లు. ప్రమోషన్ల కథలు నా దగ్గర లేవు. పీఈటీకి ప్రమోషనంటే పాత విజిల్ పోయి కొత్త విజిల్ రావడమే.

కుర్చీ లేని ఉద్యోగం

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. స్టాఫ్ రూములో మీకు కుర్చీ ఉండదు. ఉన్నా, ఎవరో ఒకరు దాని మీద నోటు పుస్తకాల కట్ట పెడతారు. వరంగల్ బడికి వచ్చిన మొదటి నెలలో నేను ఆ కట్ట తీసి కింద పెట్టి కూర్చున్నాను. రెండో నెలలో సైకిల్ స్టాండు రేకుల కిందికి మారాను. అక్కడ ఒక విరిగిన బెంచీ ఉండేది. టిఫిన్ డబ్బా కూడా అక్కడే విప్పేదాన్ని. వరంగల్ ఎండల్లో రేకుల కింద అన్నం తినడమంటే పెనం మీద కూర్చున్నట్టే. అయినా అక్కడ నన్నెవరూ "మీకేం మేడమ్, హాయిగ ఆడుకుంటరు" అనేవాళ్లు కాదు.

నా పీరియడ్ ఎవరిదంటే వాళ్లది. సిలబస్ మిగిలితే లెక్కల సారుది, పరీక్షలొస్తే సైన్సు టీచరుది. "ఒక్క పీరియడ్ ఇయ్యున్రి విమలా మేడమ్, పిల్లలకు మార్కులు రావాలె గదా" అనేవారు. నేను ఇచ్చేదాన్ని. ఇచ్చి ఇచ్చి, ఒక ఏడాది దసరా నుంచి వేసవి సెలవుల దాకా పదో తరగతి పిల్లలు గ్రౌండు ముఖం చూడలేదు. ఇది నా మొదటి తప్పు. పిల్లల నోటి దగ్గరి ముద్ద లాక్కుంటే ఊరుకుంటామా? ఆట పీరియడ్ లాక్కోవడమూ అలాంటిదే. ఇప్పుడైతే మొహం మీదే అంటాను. అప్పుడు అనలేదు. మంచి మేడమ్ అనిపించుకోవాలని.

బక్క పిల్లలను వెతికిన కళ్లు

మరిపెడ దగ్గర నేను చేసిన ఊళ్లో పిల్లలు పొద్దున ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు. పత్తి ఏరడానికి పోయే తల్లి చీకటితోనే పోతుంది. రాత్రి మిగిలిన అన్నం ఉంటే తిని వస్తారు, లేకుంటే లేదు. వరుసలో నిలబడ్డ పిల్లల్లో ఎవరు ఊగుతున్నారో కనిపెట్టి, పడకముందే పట్టుకోవడం నా పని. ఆరేళ్లు అదే చేశాను. నా కళ్లు ఆకలికి అలవాటుపడ్డాయి.

అందుకే వరంగల్ బడికి బదిలీ అయి వచ్చినప్పుడు, బుగ్గలున్న పిల్లలను చూస్తే నాకు సంబరంగా ఉండేది. అబ్బ, కడుపునిండా తినే పిల్లలు! తల్లులూ అదే అనేవాళ్లు. ఒకామెకు, పాప కొంచెం ఆయాసపడుతోంది, దవాఖానాలో చూపించమని చెబితే నా మీద కోపానికొచ్చింది. "మంచిగున్నది గదా టీచర్! బక్కగైతే మంది ఏమంటరు, తిండి పెడ్తలేరా అంటరు." నేను తల ఊపాను. పిల్లలు లావెక్కడం కూడా ఒక జబ్బు కావచ్చని, దానికి బడి కూడా జవాబు చెప్పాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేలోపు చెయ్యకూడని పాడు పని చేసేశాను.

ఆ లైను

ఎత్తు బరువులు తీసే రోజు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఒక మిషన్, గోడ మీద సుద్దగీతలు, అరవై మంది పిల్లలు, ఒక్క టీచర్. నేను మిషన్ దగ్గర నిలబడి అంకె అరవాలి, లీడరు పిల్ల అవతల కూర్చుని రాయాలి. అందరం అట్లాగే చేశాం. అరవకుండా చెయ్యవచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఆ ఏడాది దవాఖానా డాక్టరమ్మ కొత్తగా ఒక మాట చెప్పి పంపింది. మరీ బక్కగా ఉన్నవాళ్లను, మరీ లావుగా ఉన్నవాళ్లను విడివిడిగా నిలబెడితే తాను వచ్చి చూస్తానన్నది. ఏడో తరగతి వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లలు గోల. నా గొంతు పోయింది. కాస్త నవ్విస్తే మాట వింటారు కదా అని, విజిల్ ఊది, రెండు చేతులూ చాపి అన్నాను:

"సన్న బియ్యం ఇటు! దొడ్డు బియ్యం అటు!"

మన దగ్గర అన్నం తినే ప్రతి ఇంటికీ తెలిసిన మాట. చుట్టాలొస్తే సన్న బియ్యం, ఉత్త రోజుల్లో కంట్రోలు దుకాణంలో రేషన్‌కొచ్చే దొడ్డు బియ్యం. పిల్లలు పగలబడి నవ్వారు. సన్న బియ్యం లైనులో పదకొండు మంది చేరారు. దొడ్డు బియ్యం లైనులో ఒక్క పిల్ల నిలబడింది. ఒక్కతే. దాని ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు.

అది కూడా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది. నేను మోసపోయింది అక్కడే. పిల్ల నవ్వుతోంది కదా, ఇంక బాధేముంది అనుకున్నాను.

ఆ పిల్ల పేరు ఇప్పుడు చెప్పను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. తండ్రికి బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి ఉండేది. ఇంట్లో పొద్దున, మాపు మిగిలిన మిర్చీలే. కానీ ఏం బలం దానిది! అంతకు నెల ముందే, పదో తరగతి ఆడపిల్లలు రెండు చేతులతో మోసే ఇనుప గుండును ఒంటిచేత్తో ఎత్తి, గీత దాటి, గడ్డి దాటి, సైకిల్ స్టాండు దగ్గర పడేట్టు విసిరింది. నేను రేకుల కింద నుంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఈ పిల్లను షాట్‌పుట్‌కు జిల్లా దాకా తీసుకుపోవాలని ఆ రోజే అనుకున్నాను. నా సర్వీసులో అట్లాంటి చెయ్యి మళ్లీ చూడలేదు.

లైను తర్వాత ఆ పిల్ల గ్రౌండులోకి రాలేదు. ఆటల పీరియడ్ రాగానే కడుపునొప్పి. నేనే క్లాసుకు వెళ్లి పిలిచాను.

"గుండు విసురుదువు రావే!"

"వద్దు టీచర్."

"ఎందుకు?"

"విసిరితే అందరు నన్నే చూస్తరు."

మధ్యాహ్నం అన్నం దగ్గర పిల్లలు పళ్లేలు మోగిస్తూ "దొడ్డు బియ్యం వచ్చింది, జరుగున్రి" అనేవాళ్లు. చివరికి అది అన్నం దగ్గరికీ రావడం మానేసి, బడి విడిచాక బండి దగ్గరకు పోయి మిర్చీలతో కడుపు నింపుకునేది. ఇంకా లావైంది. నేను వింటూనే ఉన్నాను. ఒకరిద్దరిని కోప్పడ్డాను కూడా. కానీ ఆ మాట పుట్టింది నా నోట్లో అని ఏ పిల్లకూ చెప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను తీసుకోవడానికి ప్రయత్నమే చెయ్యలేదు.

ఎనిమిదో తరగతి సగంలో తండ్రి టీసీ కోసం వచ్చాడు. చేతులకు సెనగపిండి వాసన. నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"టీచరమ్మా, పిల్ల ఈ బడికి పోనంటాంది. ఏమైందే అంటే చెప్తలేదు. మీకేమన్న ఎరుకేనా?"

"నాకేం తెల్సన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, నా కోసం తెచ్చిన వేడి మిర్చీల పొట్లం బెంచీ మీద పెట్టి వెళ్లాడు. అది నేను తినలేదు. ఇప్పటికీ మిర్చి తినలేను.

గేటు బయట, గేటు లోపల

తర్వాతి ఏళ్లలో నేను పోరాడానంటే నమ్మండి. ఏడాదికేడాది పిల్లలు లావవుతుండటం కళ్లారా చూశాను. వంద గజాలు పరిగెత్తలేక నడుం పట్టుకుని నిలబడే పిల్లలు పెరిగారు. ఆటో గేటు ముందు దింపుతుంది, గేటు ముందే చిప్స్ పొట్లం, ఇంటికెళ్తే ఫోన్.

గేటు దగ్గర ఖాసింబీ అని ఒకామె బండి పెట్టేది. రంగు రంగుల పొట్లాల దండలు వేలాడేవి. వెళ్లి తీసెయ్యమన్నాను.

"ఓ టీచరమ్మా, నేను తీసేస్తే ఎదురుంగ బేకరీ లేదా? అండ్ల కొనరా? నా ఒక్కదాని పొట్ట కొడితే మీ పిల్లలు సన్నగైతరా?"

ఆమె చెప్పింది తప్పు కాదు. వారం రోజులు రోజూ వెళ్లి బండి పక్కన నిలబడి మాట్లాడాను. చివరికి సగం బండి జామకాయలు, ఉడకబెట్టిన పల్లీలు, కంకులు పెట్టడానికి ఒప్పుకుంది. మొదటి రోజు జామకాయలు అమ్ముడుపోలేదు. రెండో రోజు కోసి ఉప్పూకారం చల్లింది, పోయాయి. తొలగించమని ఎవరి మీదైనా అర్జీ పెట్టడం సులువు. వాళ్ల పక్కన నిలబడి బేరం మార్పించడం కష్టం, అదే పనికొస్తుంది.

హెడ్మాస్టర్లు ఏడుగురి దగ్గర చేశాను. ఒకాయన గ్రౌండును పెళ్లిళ్ల కార్లకు వదిలేవాడు. సోమవారం పొద్దున పిల్లలు గాజుముక్కలు ఏరేవాళ్లు. అడిగితే, "అంత ఫికరెందుకు మేడమ్, ఉత్త జాగనే గదా" అన్నాడు. ఒక్క హెడ్మిస్ట్రెస్ మాత్రం టైంటేబుల్‌లో నా పీరియడ్ల చుట్టూ ఎర్ర ఇంకుతో గీత గీసింది. "ఇది ముట్టుకున్నోళ్లు నా దగ్గరికొచ్చి కారణం చెప్పాలె" అంది. ఎవరూ చెప్పలేదు. ఆమె ఉన్న మూడేళ్లు నా ఉద్యోగం నాదనిపించింది. ఆమె బదిలీ అయ్యాక మళ్లీ లెక్కల సారు వచ్చాడు.

తల్లిదండ్రుల మీటింగుల్లో చెప్పాను, బస్తీలో ఇంటింటికీ తిరిగాను, సాయంత్రం ఆరింటి దాకా గ్రౌండు గేటు తెరిచి ఉంచమని కాగితాలు పెట్టాను. ఎక్కువసార్లు ఒక్కదాన్నే. బయటికి చూస్తే పట్టుదల మనిషిననిపిస్తుంది. లోపల ఒకటే ఆలోచన. ఆ లైనులో ఒంటరిగా నిలబడ్డ పిల్ల బాకీ ఇట్లా తీరుతుందేమోనని.

సోమవారం

రిటైరయ్యాక హనుమకొండలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. పెళ్లి చేసుకోలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది, పాత అలవాటు. లేచి ఏం చెయ్యాలో తెలియదు. ఎదుట వరుసలో ఎవరూ ఉండరు. ముప్పై మూడేళ్లు వందల మందిని నిలబెట్టినదానికి, ఇప్పుడు నా వైపు తిరిగి నిలబడే మనిషి లేదు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఒంటరిగా ఉంది, అంతే.

రెండు నెలల కింద ఒక మాట తెలిసింది. మా బడి గ్రౌండులో సగం పార్కింగ్‌కు తీసుకుంటారని. రాత్రి భోంచెయ్యలేదు. మూడు పేజీల అర్జీ రాశాను. పాత టీచర్లు నలుగురు, "తప్పకుండ వస్తం విమలా" అన్నారు. అర్జీలు తీసుకునే సోమవారం పొద్దున ఒకరికి మోకాళ్లు, ఒకరికి మనవడి బర్త్‌డే, ఇద్దరు ఫోనే ఎత్తలేదు. ఒక్కదాన్నే ఆటో ఎక్కాను.

కలెక్టరాఫీసులో పొడుగాటి లైను. గంటన్నర నిలబడ్డాను. కౌంటర్లో కంప్యూటర్ ముందు ముప్పై దాటిన ఒకామె కాగితాలు తీసుకుంటోంది. నిండైన మనిషి. నా కాగితం అందుకుని, పేరు చూసి, తలెత్తింది.

"టీచర్. గుర్తుపట్టిన్రా?"

పట్టాను. ఆ కళ్లను ఎట్లా మరిచిపోతాను! సంతోషంతో నోరు తెరిచాను, నా నోట్లోంచి "దొ..." అని వచ్చేసింది. మింగాను. కానీ ఆమె విన్నది.

"ఔ టీచర్, నేనే. దొడ్డు బియ్యాన్నే" అంది. ఈసారి నవ్వలేదు. "నా పేరు చెప్పున్రి చూద్దాం."

నా బుర్రంతా వెతికాను. గుండు ఎంత దూరం పడిందో గుర్తుంది. తండ్రి చేతుల వాసన గుర్తుంది. ఎండ గుర్తుంది. పేరు లేదు. ఇరవై ఏళ్లు నా గుండెలో మోసిన పిల్లకు పేరే లేదు. నేను పెట్టింది తప్ప.

వెనక నుంచి ఒక ముసలాయన, "ఏందమ్మా, జర జల్ది కానియ్యిన్రి" అన్నాడు.

ఆమె తొందరపడలేదు. నా అర్జీ మూడు పేజీలూ చదివింది.

"మంచిగనే రాసిన్రు. చిప్స్ పొట్లాలు రాసిన్రు, ఫోన్లు రాసిన్రు, మా అసొంటి తల్లిదండ్రులను రాసిన్రు, ఆఫీసర్లను సుత రాసిన్రు. లైను రాయలేదేంది టీచర్?"

కాగితం కోసం చెయ్యి చాపాను.

"గ్రౌండు అప్పుడు సుత ఉండె గదా. ఇప్పటి కంటె పెద్దగుండె. నేను దిగిన్నా అండ్ల?" గొంతు తగ్గించింది. "నా బిడ్డ ఈ ఏడు అదే బడిల ఆరో తరగతిల చేరింది. ఇల్లు దగ్గర, వేరే దిక్కు పంపలేను. నా లెక్కనే ఉంటది. గ్రౌండు మిగులుతది, సరే. దాన్ని ఏ లైన్ల నిలబెడుతరు?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. కిటికీ దగ్గర నిలబడి, చివరి పేజీ కింద పెన్నుతో రాశాను. ఈ బడిలో పనిచేసిన పీఈటీగా ఒక పిల్లను అందరి ముందు విడిగా నిలబెట్టి పేరు పెట్టి ఎగతాళి చేశానని, ఆ పిల్ల మళ్లీ ఆటకు రాలేదని, ఈ బడే విడిచిపోయిందని, బడి బాధ్యత గ్రౌండుతో పాటు టీచరు నోటి దగ్గర కూడా మొదలవుతుందని, పిల్లల తూకం ఇకపై ఒక్కొక్కరిదీ చాటుగా తీసేలా ఆదేశాలు ఇవ్వాలని. ముసలాయన తన వెనక చోటిస్తానన్నాడు. వద్దని చెప్పి, మళ్లీ లైను చివరికి వెళ్లి నిలబడ్డాను.

నా వంతు వచ్చాక ఆమె నేను కింద రాసిందంతా చదివి, ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చింది.

"నీ పేరు చెప్పమ్మా" అన్నాను. "ఈసారి మరిచిపోను."

"స్రవంతి."

"బిడ్డ పేరు?"

కొంచెం సేపు నన్ను చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది. చెప్పింది. నన్ను మన్నించవే అందామనుకున్నాను. నా వెనక ఇంకా పదిమంది ఉన్నారు. ఆమె, "అర్జీ పైకి పంపుత టీచర్. జరుగున్రి, తర్వాతోళ్లు రావాలె" అంది. జరిగాను.

చివరగా, మా బడి అమ్మాయికి

గ్రౌండు సంగతి ఇంకా తేలలేదు. అర్జీ ఏ బల్ల మీద ఉందో తెలియదు. ప్రతి సోమవారం వెళ్లి అడుగుతున్నాను. స్రవంతి చెప్పిందే చెబుతుంది, నేను విని వస్తాను. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు. ఉండాలని అడిగే హక్కు నాకు లేదు.

ఫోన్ చేసిన రోజు సాయంత్రం నువ్వు మెసేజ్ పెట్టావు. "గోడ పట్టుకుని ఏడ్చిన పిల్ల పేరు రిజిస్టర్‌లో చూశాను మేడమ్, లాస్య" అని. ఆ పేరు నాకు కౌంటర్ దగ్గరే తెలిసింది తల్లీ.

తూకం సంగతి తర్వాత. ఒక గదిలో తలుపేసి, అంకె అరవకుండా, నువ్వే రాసుకో. చెయ్యాల్సిన వైద్యం ఉంటే తల్లికి ఒక్కదానికే చెప్పు. సిలిండర్ అన్న మాట నీ ముందు ఎవరన్నా అంటే, వినలేదన్నట్టు ఉండకు. నేను విననట్టే ఉన్నాను.

సామాన్ల గదిలో, పాత వాలీబాల్ నెట్ కింద, ఒక ఇనుప గుండు ఉంటుంది. తుప్పు పట్టి ఉంటుంది, తుడువు. రేపు ఆటల పీరియడ్‌లో బయటికి తీసి గడ్డి మీద పెట్టు. అందరూ ఎవరి ఆటలో వాళ్లు ఉన్నప్పుడు, ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్లు. విజిల్ ఊదకు. లాస్యా, ఇది ఒకసారి విసురుదువు రా, అను.

రాకపోతే, ఎల్లుండి మళ్లీ పేరు పెట్టి పిలువు.